ఎనిమిది చోట్ల మట్టి

కాక చనిపోయాడని ఫోన్ వస్తే నేను వెంటనే నమ్మలేదు. అది దుఃఖం వల్ల కాదు, ఆయన దగ్గర అంటుకున్న అలవాటు వల్ల. ఫోన్ చేసింది ఆయన గల్లీలో కిరాణం నడిపే జావీద్ భాయ్.

"సార్, కాక పోయిండు."

"నువ్వు చూసినవా, ఎవరన్న చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు సార్" అన్నాడు.

కాక కొడుక్కి చేస్తే ఎత్తలేదు. కాకతో కలిసి డ్యూటీ చేసిన ఇంకొకాయనకు చేస్తే "ఔ, పొద్దుగాల" అన్నాడు. రెండు మాటలు కలిశాయి గనుక చెప్పులు వేసుకుని బయల్దేరాను. గల్లీ మలుపు తిరగగానే ఇంటి ముందర ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్న ఆటో కనపడింది. ఇక నమ్మక తప్పలేదు.

ముక్కుల్లో దూది పెట్టి పడుకోబెట్టారు. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేచే ఉంది, ఈ సంగతి ఇంకా తేలలేదన్నట్టు. పక్కన ఎవరో "బంగారమసొంటి మనిషి" అంటున్నారు. మామూలుగా అయితే కాక "నీకెట్ల తెలుసు?" అని అడిగేవాడు. ఆ రోజు మాత్రం ఊరుకున్నాడు.

ఆయనకు పేరు ఉంది. ఉద్యోగం రికార్డులో ఒక రకంగా, రేషన్ కార్డులో ఒక రకంగా, ఓటరు లిస్టులో ఇంకో రకంగా ఉంది గనుక నేను ఏదీ రాయడం లేదు. గోదావరిఖనిలో అందరూ శాంపిల్ కాక అనేవాళ్లు.

ఎందుకంటే ఆయన పని శాంపిళ్లు తీయడం. బావుల నుంచి వచ్చిన బొగ్గును నలగ్గొట్టి వ్యాగన్లలో నింపే చోట, రిటైర్ అయ్యేదాకా అదే పని. దూరం నుంచి చూసేవాళ్లకు పెద్దమనిషి పారతో ఆడుకుంటున్నట్టు ఉంటుంది. వ్యాగన్లో ఒక్క చోట తీయరు. ఆ మూలకు, ఈ మూలకు, నడిమిట్ల, మీద, కొంచెం తవ్వి లోపల, అన్ని చోట్లా తీస్తారు. అంతా ఒకచోట కుప్ప పోసి కలుపుతారు. కుప్పను రొట్టెలా చదును చేసి, పారతో అడ్డం ఒక గీత, నిలువు ఒక గీత గీసి నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగతా రెండూ పక్కకు నెట్టేస్తారు. మళ్లీ కలపడం, మళ్లీ నాలుగు. అట్లా వ్యాగన్ బొగ్గు చివరికి ఒక చిన్న సంచిలోకి వస్తుంది. దాన్ని మూడు చేస్తారు. ఒకటి అమ్మేవాళ్లకు, ఒకటి కొనేవాళ్లకు. మూడోది సంతకాలు పెట్టి, లక్క సీలు వేసి, బీరువాలో. ఆ ఇద్దరికీ పేచీ వచ్చినప్పుడే, ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడే దాన్ని విప్పాలి.

ఈ పద్ధతి బొగ్గు కోసం పెట్టిందని పైవాళ్లు అనుకునేవారు. మనుషుల కోసం పెట్టిందని కాక అనుకునేవాడు.

అంగడిలో టమాటలు కొంటే గంపలో మీద నాలుగు, నడుమ నాలుగు, అడుగున నాలుగు తీసేవాడు. పెండ్లి భోజనంలో అన్నం గుండిగను ఒకసారి గరిటెతో తిరగేయించి గాని వడ్డించనిచ్చేవాడు కాదు. దవాఖానలో రక్తం తీస్తుంటే, "ఒక్క చెయ్యిదేనా?" అని అడిగాడట. ఆ పిల్లవాడు నవ్వితే, "సీసా రెండు చెయ్యి బిడ్డా, ఒకటి నా దగ్గర ఉంటది" అన్నాడట. ఎవరైనా రెండు వైపుల మాటలూ విని వచ్చి తీర్పు చెప్పబోతే, "మూడోది ఏది?" అనేవాడు. సంబంధాలు చూసేవాళ్లు ఆయన్ని వెంట తీసుకుపోవడం మానేశారు. పిల్లవాడి తల్లిదండ్రులతో, పిల్లవాడితో మాట్లాడాక, వాడు పనిచేసే చోట టీ పోసేవాడితో కూడా మాట్లాడి గాని ఆయన ఔననేవాడు కాదు.

కాక భార్య చిన్నమ్మ ఒకసారి ఇంకోటి చెప్పింది. "పెండ్లిచూపులకు ఈయన మూడుసార్లు వచ్చిండు సారూ. అండ్ల రెండుసార్లు చెప్పకుంట."

"మొదటిసారి పౌడరేసుకొని ఉంటివి" అన్నాడు కాక, పేపరు మీంచి తల ఎత్తకుండా.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతానని పరిచయం చేసుకున్నప్పుడు సరే అన్నాడు. వారం తర్వాత తెలిసింది, మా అటెండర్ను ఒకసారి, మా స్టూడెంటును ఒకసారి, విడివిడిగా పట్టుకుని అడిగాడని. "ఇద్దరూ నువ్వు పాఠం చెప్తవనే అన్నరు సారూ" అన్నాడు నాతో. "మంచిగ చెప్తవని మాత్రం ఒక్కడే అన్నడు."

ఆ ఒక్కడు ఎవరో చెప్పలేదు. అటెండరే అని నా అనుమానం.

ఇప్పుడు ఒక కంపెనీ గురించి చెప్పాలి. మా ఊళ్లో కంపెనీ అంటే బొగ్గు కంపెనీయే, వేరేది ఎవరికీ తట్టదు. నేను చెప్పబోయేది యూనివర్సిటీలో పుట్టిన కంపెనీ. అది పుట్టిన రోజు మేం నలుగురం ఉన్నాం గాని, పుడుతోందని ఎవరికీ తెలియదు.

యూనివర్సిటీ ప్రొఫెసర్ గారు నాకు రెండేండ్లు సీనియర్. నన్ను ఇప్పటికీ "ఏమోయ్" అంటారు. పేరు గుర్తుంటే పేరుతోనే పిలిచేవారేమో. ఒకసారి ఫోన్ చేసి, కమాన్‌పూర్ వైపు మట్టి గుట్టల మీదికి తీసుకుపోవాలన్నారు. బొగ్గు మీది మట్టి తీసి పోసిన గుట్టలవి. ఆ మట్టిలో మామూలుగా ఏదీ మొలవదు. కొన్ని పాత గుట్టల మీద మాత్రం ఎవరూ నాటకుండానే గడ్డి వచ్చింది. ఆ గడ్డి వేర్ల దగ్గర ఏదో సూక్ష్మజీవి ఉండి సాయం చేస్తోందని, దాన్ని పట్టుకుంటే చచ్చిన నేలల్ని లేపవచ్చని ప్రొఫెసర్ గారి ఆలోచన. మంచి ఆలోచన. అది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న రజిత ఆలోచన అని తర్వాత తెలిసింది.

రజిత నస్పూర్ కాలనీ పిల్ల. తండ్రి అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి, నడుము పోయి, ఇంట్లో ఉన్నాడు. అట్లాంటి గుట్టల మీద గడ్డి రావడం ఆమె పుస్తకంలో చదవలేదు, చిన్నప్పటి నుంచి చూసింది.

ఏ గుట్ట ఎంత పాతదో తెలిసిన మనిషి కావాలంటే నేను కాకను తీసుకెళ్లాను. ప్రొఫెసర్ గారు కారులోంచే విజిటింగ్ కార్డు ఇచ్చారు. కాక ముందు చూశాడు, తిప్పి చూశాడు.

"ఎనుక ఏం రాయలేదేంది?" అన్నాడు నాతో, మెల్లగా.

ఎండాకాలం. ప్రొఫెసర్ గారు కారు ఏసీలో ఉండి పర్యవేక్షించారు. గుట్ట ఎక్కింది రజిత, కాక, నేను. ఆమె ఎనిమిది చోట్ల గడ్డి పీకి, వేర్లకు అంటిన మట్టిని ఎనిమిది సంచుల్లోకి దులిపింది. ఒక్కో సంచి మీద చోటు, లోతు, టైము రాసింది. ఎనిమిదో చోటు వాచ్‌మన్ తన బర్రెను కట్టేసే చోటు. అక్కడ గడ్డి అన్నిటికంటే ఏపుగా ఉంది. రజిత దాన్నీ వదల్లేదు.

పని అయ్యాక, ప్రొఫెసర్ గారు ఒకసారి పైకి వచ్చి చూస్తారేమో అడగడానికి ఆమె కిందికి దిగింది. చల్లబడ్డాక చూద్దాం అన్నారట. ఆ పది నిమిషాల్లో కాక తన పని తాను చేశాడు. పారతో పాటు తెచ్చుకున్న గోనెపట్టా పరిచి, ఎనిమిది సంచులూ దాని మీద గుమ్మరించి, కలిపి, చదును చేసి, గీతలు గీశాడు.

నేను పక్కనే ఉన్నాను. ఆపలేదు. అంత శ్రద్ధగా చేస్తున్న మనిషిని చూస్తే అది తప్పని తట్టలేదు. వృక్షశాస్త్రం మంచిగా చెబుతానని ఇద్దరిలో ఒక్కడే అన్నాడంటే, రెండోవాడు అనకపోవడం ఊరికే కాదు.

రజిత తిరిగి వచ్చింది.

"కాకా, సంచులేవి?"

"ఇగో." ఎనిమిది ఖాళీ సంచులు మడతపెట్టి, గాలికి పోకుండా రాయి పెట్టి ఉన్నాయి.

"మట్టి?"

"గిదే. మంచిగ కలిపిన బిడ్డా. గడ్డలు గూడ చిదిమిన."

ఆమె ఏడవలేదు, అరవలేదు. ఆ ఎర్రటి ఎండలో కింద కూర్చుంది. "ఏ చోటుదేందో విడివిడిగ చూడాలె కాకా. అందుకే అన్ని రాసుకున్న."

"ఒక్క జాగల తీస్తే మట్టి అబద్ధం చెప్తది బిడ్డా. అన్ని కలిపితేనే నిజం బయటవడ్తది."

"అది బొగ్గుకు కాకా. నాకు కావాల్సిందే ఆ ఒక్క జాగ."

కాక పార కింద పెట్టాడు. ఊళ్లో అందరినీ అనుమానించిన మనిషి తనను తాను అనుమానించడం నేను అప్పుడే చూశాను. కనుబొమ్మ దిగిపోయింది. "మల్ల తీద్దాం పా" అన్నాడు. ఆమె లేచింది. కింద హారన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

ముగ్గురం దిగి సంగతి చెబితే ప్రొఫెసర్ గారు అద్దం నాలుగు వేళ్లంత దించారు. "పర్లేదమ్మా. మిక్స్‌డ్ అని రాసుకో. నాకు హైదరాబాదులో మీటింగ్ ఉంది."

అంత జరిగినా కాక పద్ధతి తప్పలేదు. మట్టిని మూడు చేశాడు. రెండు కారు డిక్కీలో పెట్టాడు. మూడో సంచి మూతి కట్టి, జేబులోని లక్క కరిగించి సీలు వేశాడు, గాలికి నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి. దానికి కట్టిన చీటీ మీద రజిత సంతకం, నా సంతకం, తన సంతకం అయ్యాక కారు దగ్గరికి పోయాడు.

"మట్టికి సంతకమేంటండీ?" అన్నారు ప్రొఫెసర్ గారు. అప్పటికే చేతులు శానిటైజర్‌తో తుడుచుకున్నారు.

కారు పోయింది. కాక కాసేపు ఆ దుమ్మును చూశాడు. "సారూ, రాసి పెట్టుకో."

"ఏమని?"

"పెద్దసారు సంతకం పెట్టలేదని."

వాళ్లు వెతికే సూక్ష్మజీవి ఆ కలిపిన మట్టిలోనే దొరికింది. రజిత యూనివర్సిటీ ల్యాబులో పెట్రీ గిన్నెల ముందు కూర్చుని, వందల రకాల్ని ఏరి, ఏరి, చివరికి ఒకదాన్ని పట్టింది. దాన్ని పట్టించిన జొన్న మొలక బొగ్గు గుట్ట మట్టిలో, నీళ్లు లేకుండా వారం నిలబడింది. పట్టించని మొలక మూడో రోజే వాలిపోయింది. ఆమె నాకు ఫోటో పంపింది. నేను కాకకు చూపించాను.

"రెండు కుండల్ల ఒకటే మట్టి పోసిండ్రా?" అన్నాడు.

"పోసిండ్రు కాకా."

"ఎవలు పోసిండ్రు?"

"రజితనే."

"అయితె మంచిదే" అన్నాడు. ఆయన నోట ఇంత పెద్ద మెచ్చుకోలు నేను అంతకుముందు వినలేదు.

తర్వాత ప్రొఫెసర్ గారు కంపెనీ పెట్టారు. ఇది ఎట్లా జరుగుతుందో నాకు అర్థమైనంత చెబుతాను. యూనివర్సిటీలో దొరికింది యూనివర్సిటీదే. కానీ దానికి అమ్మడం రాదు. అందుకని, దొరికించుకున్న సారే ఒక కంపెనీ పెట్టుకుని, తాను దొరికించుకున్నదాన్ని యూనివర్సిటీ దగ్గర అనుమతి మీద తానే తీసుకుంటారు. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి ఒక మనిషివే అయినా మధ్యలో కమిటీ ఉంటుంది. ఆ చర్చ వచ్చినప్పుడు సారు లేచి వరండాలోకి పోతారు. అయిపోయాక లోపలికి వచ్చి, ఏమైందని అడుగుతారు. ఇందులో తప్పేమీ లేదు. మంచి మందులు, మంచి విత్తనాలు కొన్ని ఇట్లాగే బయటికి వచ్చాయి, లేకపోతే బీరువాలో థీసిస్‌లుగా ఉండిపోయేవి. పద్ధతి మంచిదని నేను కాకకు అరగంట చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"కంపెనీ యాడుంటది?"

"డిపార్ట్‌మెంట్‌లోనే. ఒక తలుపు మీద డిపార్ట్‌మెంట్ బోర్డు, పక్క తలుపు మీద కంపెనీ బోర్డు."

"మరి ఆ పురుగు ఏ తలుపెనుక ఉన్నది?"

"ఫ్రిజ్‌లో. ఫ్రిజ్ రెండింటికీ ఒకటే."

"తాళంచెవి?"

"ఒకటి ప్రొఫెసర్ గారి దగ్గర. ఒకటి రజిత దగ్గర, ఆమె చదువు అయ్యేదాకా."

"అయినంక?"

నేను టీ తాగాను. అరగంట చెప్పినదంతా ఆ ఒక్క మాటతో చల్లారింది. టీ కూడా.

కంపెనీలో ప్రొఫెసర్ గారు, ఆయన బావమరిది డైరెక్టర్లు. బావమరిదికి జీవశాస్త్రం రాదు, కోటు ఉంది. కొన్నాళ్లకు కరపత్రం వచ్చింది. మెరిసే కాగితం మీద ఇట్లా ఉంది: భూగర్భంలో లోతైన బొగ్గు పొరలో కోట్ల ఏండ్లు నిద్రించిన జీవి, రైతు కోసం మేల్కొంది. నేను కాకకు చదివి వినిపించాను.

"లోతు పొరకు ఎవలు దిగిండ్రు?"

"ఎవరూ దిగలేదు కాకా."

"మరి ఎవలు లేపిండ్రు?" అని కాసేపు ఆలోచించాడు. "నాకైతే బర్రె మీదనే అనుమానం."

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతే. ఒక ఆదివారం రజిత ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె నవ్వలేదు.

పేటెంటుకు దరఖాస్తు పెడుతున్నారు. కనిపెట్టినవాళ్లు ఎవరో అందులో రాయాలి. మొదటి పేరు ప్రొఫెసర్ గారిది. రెండో పేరు చోటు ఖాళీగా ఉంది. జీవి ఎక్కడిదో కూడా రాయాలి. చోటు చూపించిన స్థానికుడి దగ్గర ఒక కాగితం తెచ్చుకుంటే మంచిదని వకీలు చెప్పాడు. అడుగు పొరలో, ఒకే చోట, తాను చూస్తుండగా తీశారని కాక సంతకం పెట్టాలి. అది తెస్తే నీ పేరు రాస్తానని ప్రొఫెసర్ గారు ఆమెతో అన్నారు. తేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. పేరు ఉంటే ఆ కంపెనీలో శాస్త్రవేత్త. లేకపోతే ఒకప్పుడు అక్కడ చదువుకున్న అమ్మాయి. ఫెలోషిప్ అయిపోయింది. ఫ్రిజ్ తాళంచెవి అప్పటికే తీసేసుకున్నారు.

ఇద్దరం కాక ఇంటికి పోయాం. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"ఇండ్ల ఒక్క జాగ అని ఉన్నది."

"ఔ కాకా" అంది రజిత.

"నేను ఎనిమిది కలిపిన గద."

"కలిపినవ్."

"మరి నా తప్పు యాడ రాసిండ్రు?"

రజిత ఓపిక అక్కడ అయిపోయింది. "ఎవ్వలు రాయలె కాకా. నీ తప్పు వాళ్లకు అక్కర లేదు. నీ సంతకం కావాలె. నువ్వు ఆ రోజు కలపకపోతే ఏ జాగదో నేనే చెప్పేదాన్ని, ఇయ్యాల ఈ కాయితమే ఉండకపోవు. కలిపింది నువ్వు, తిప్పలు నాకు."

చిన్నమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. కాక కాగితాన్ని మడిచి ఆమె చేతికి ఇచ్చాడు.

"పెద్దసారును రమ్మను."

"ఆయన రాడు కాకా."

"వస్తడు. సంతకం కావాల్సినోడు వస్తడు. ఆ రోజు నాకు కావాలె గన్క నేను కారు దాక పోయిన."

వచ్చారు. దరఖాస్తు వేయడానికి రెండు రోజులే ఉందట. బావమరిది కూడా వచ్చాడు, పండ్లు, శాలువా పట్టుకుని. శాలువా కప్పబోతే కాక వెనక్కి జరిగి, చేతిలోకి తీసుకుని, రెండు వైపులా చూసి, మంచం మీద పెట్టాడు. రజిత గోడ దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్దసారూ" అన్నాడు కాక. "ముందుగాల ఆ పిల్ల పేరు రాయుండ్రి. రాసి మీ సంతకం పెట్టుండ్రి. తర్వాత నాది."

"మీరు పెట్టండి. పేరు ఆఫీసులో టైప్ చేయిస్తాం."

"టైపెందుకు సారూ, పెన్ను ఉన్నది గద."

"నమ్మకం లేదా మా మీద?"

"లేదు సారూ." టీలో చక్కెర వద్దన్నంత మామూలుగా అన్నాడు.

ప్రొఫెసర్ గారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆయన చెడ్డవారని నేను అనను. తన ల్యాబులో, తన దరఖాస్తు మీద వచ్చిన గ్రాంటుతో జరిగింది తనదేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. అంత మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లను చూస్తేనే కాకకు భయం. చివరికి ప్రొఫెసర్ గారు పెన్ను తీసి, ఖాళీ చోట రజిత పేరు రాసి, కింద సంతకం పెట్టారు. కాక నాతో పైకి చదివించాడు. రజితతోనూ చదివించాడు.

అప్పుడు కాక తన కాగితం ముందుకు లాక్కున్నాడు. అందులో ఉన్న మాటల మీద అడ్డంగా గీత కొట్టి, కింద తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. చాలాసేపు పట్టింది. "గుట్ట మీద ఎనిమిది జాగల మట్టి. తీసింది ఈ పిల్ల. అడగకుంట కలిపింది నేను. తప్పు నాది. ఎనిమిదో జాగల బర్రె ఉండె." కింద సంతకం.

బావమరిది వంగి చదివాడు. "బావా, బర్రె ఎందుకు?"

"ఇట్లా రాస్తే ఇంక కథ ఏముంటుందండీ" అన్నారు ప్రొఫెసర్ గారు. కోపంగా కాదు, అలసటగా.

"కథ మీ కాయితంల రాసుకోండ్రి. ఇది నా కాయితం."

"నేనిది చింపేస్తే?"

కాక మంచం కిందికి వంగి, సీలు వేసిన ఆ సంచిని తీసి మధ్యలో పెట్టాడు. లక్క చెక్కు చెదరలేదు. చీటీ మీద మూడు సంతకాలు ఉన్నాయి. "చింపుండ్రి. ఇద్దరున్నరు గద, దీన్ని ఇప్పుడే విప్పుదాం. మట్టి తీసినప్పుడు ఎవలెవలు ఉన్నరో చీటీ మీదనే ఉన్నది."

ప్రొఫెసర్ గారు చీటీని దగ్గరికి తీసుకుని చూశారు. తన పేరు కోసమే వెతికారనుకుంటాను, అలవాటు కొద్దీ. తర్వాత రెండు కాగితాలూ ఫైలులో పెట్టి లేచారు. దరఖాస్తు రెండు పేర్లతో వెళ్లింది. మట్టి ఎక్కడిదన్న చోట "పాత గని మట్టి గుట్ట, కలిపిన నమూనా" అని ఉంది. బర్రెను వకీలు తీసేశాడు. కరపత్రంలో కోట్ల ఏండ్ల నిద్ర ఇంకా అట్లాగే ఉంది.

కారు మలుపు తిరిగాక రజిత కాక కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేంది, ఇంకేమన్న సంతకం ఉన్నదా?"

ఆమె నవ్వింది, ఆ నెలలో మొదటిసారి అనుకుంటాను. ఆయన నవ్వలేదు.

"బిడ్డా, రేపు నువ్వు గూడ పెద్ద మేడమైతవు. ఇంకో పిల్లను ఎండల మట్టికి పంపుతవు. ఆ పిల్ల పేరు రాస్తవా?"

"రాస్త కాకా."

"ఇయ్యాల అట్లనే అంటవు." నా వైపు తిరిగాడు. "సారూ, నువ్వు విన్నవు. ఎప్పుడన్న పొయ్యి చూసి రావాలె."

ఆయన ఉన్నన్ని రోజులు నేను పోలేదు. చూసి వచ్చానని చెబితే ఏం చూశావని అడుగుతాడని.

ఆయన చనిపోయిన నెలకు యూనివర్సిటీ నుంచి పిలుపు వచ్చింది. పరిశోధన నుంచి కంపెనీ ఎట్లా పెట్టాలో కుర్రవాళ్లకు చెప్పే సభ. మధ్యాహ్నం భోజనం ఉంది. ప్రొఫెసర్ గారు మాట్లాడారు, బాగా మాట్లాడారు. కంపెనీ ల్యాబుకు ఇప్పుడు రజిత పెద్ద. భోజనం అయ్యాక ఆమె తన ల్యాబు చూపించింది. ఫ్రిజ్ కొత్తది, తాళంచెవి ఆమె మెడలో ఉంది. ఇద్దరు అమ్మాయిలు తెల్ల కోట్లు వేసుకుని పనిచేస్తున్నారు. ఇద్దరి గోళ్లలోనూ మట్టి ఉంది. నలుగురం వరండాలోకి వచ్చాం, అక్కడ కొత్త పని గురించిన పోస్టరు ఉంది. దాని మీద మూడు పేర్లు: ప్రొఫెసర్ గారు, రజిత, ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి.

"ఈ పనికి మట్టి ఎవరు తెచ్చారమ్మా?" అని అడిగాను.

"మేమిద్దరం సార్."

"మరి నీ పేరు?" అన్నాను రెండో అమ్మాయితో.

జవాబు చెప్పే ముందు ఆ పిల్ల రజిత మొహం చూసింది. "నేను మొన్ననే చేరిన సార్."

"ఔ సార్, మొన్ననే చేరింది" అంది రజిత. "వచ్చేసారి పెడదామనుకున్నం."

నేను పోస్టరు ముందర అట్లాగే నిలబడ్డాను, చదవడానికి ఇంకా ఏదో ఉన్నట్టు. ఆ అమ్మాయిలు లోపలికి పోయారు. రజిత పోలేదు.

"కాక చూసి రమ్మన్నడా?" అంది.

"ఎప్పుడో అన్నడు. నేనే ఆలస్యం చేసిన."

ఆమె నా జేబులోంచి పెన్ను తీసుకుంది. మెరిసే కాగితం మీద ఇంకు పట్టలేదు. జారిపోయిన అక్షరాల మీదే మళ్లీ రాసింది, ఒత్తి. మూడు అచ్చు పేర్ల కింద నాలుగోది వంకరగా, నీలంగా కనపడింది.

నేను రాకపోయినా రాసేదానివా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ పిల్ల ఇంటిపేరు కూడా రాయమన్నాను. రజిత లోపలికి పోయి అడిగి వచ్చి రాసింది.